రాయీ రేకూ గుడ్డా: ఓరుగల్లు సీమలో చేతి గుర్తు

చెల్పూరు పేరు వినగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 1100 మెగావాట్ల ఆ కేంద్రానికి కాకతీయుల పేరు ఊరికే పెట్టలేదు. పక్కనే గణపురంలో గణపతిదేవుడి కాలపు కోటగుళ్లున్నాయి. ఇంకొంత దూరం పోతే పాలంపేటలో రామప్ప గుడి ఉంది. రేగొండ వైపు పాండవుల గుట్ట రాతి మరుగుల్లో, అక్షరం పుట్టకముందు మనుషులు ఎర్రమట్టితో గీసిన జింకలూ దున్నలూ ఉన్నాయి. పాత వరంగల్ జిల్లాకు ఇది ఒక కొస. రెండో కొసన జనగామ వైపు పెంబర్తి ఇత్తడి రేకు పని, చేర్యాల నకాశీ పటాలు. చేర్యాల 2016లో సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది గానీ అంతవరకూ జనగామ డివిజన్ ఊరే. ఒక్క జిల్లా పరిధిలో బండ మీద రంగు, గుడి గోడ మీద ఉలి, రేకు మీద సుత్తి, గుడ్డ మీద కుంచె ఇన్ని కాలాల పాటు పనిచేసిన నేలలు తెలుగునాట ఎక్కువ లేవు. ఈ నేల నుంచి ఇవాళ బొమ్మలు వేయాలని బయల్దేరే పిల్లల ముందుకు మొదటి రోజుల్లోనే ఒక ప్రశ్న వస్తుంది. పెన్సిలు పట్టుకుంటారు, ఆక్రిలిక్ ప్రయత్నిస్తారు, మట్టి కలుపుతారు, రాగి పలక మీద గీస్తారు, ఫోన్ తెర మీద కూడా వేస్తారు. అది చూసిన పెద్దలు చెప్పే మాట ఒకటే: ముందు ఒక మాధ్యమంలో నిలదొక్కుకో, సొంత శైలి దానంతట అదే వస్తుంది. ఎంతో సదుద్దేశంతో చెప్పే ఈ మాట సగమే నిజమని నా వాదన. ఓరుగల్లు సీమలో బొమ్మ చరిత్రను చూస్తే, చేతికి సొంత గుర్తు ఏర్పడింది ఒకే పదార్థాన్ని అంటిపెట్టుకున్నప్పుడు కాదు. ఒకచోట బాగా తెలిసిన చెయ్యి ఇంకో పదార్థంతో తలపడాల్సి వచ్చినప్పుడు.

మొదటి సాక్ష్యం రామప్ప. శాసనం ప్రకారం 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించాక దాని మీద రాతలు ఎక్కువయ్యాయి. చాలావరకు నీళ్ల మీద తేలే ఇటుకల గురించి, పునాదిలోని ఇసుక గురించి. శిల్పి చెయ్యి గురించి రాసింది తక్కువ. ఆ గుడిలో రెండు రకాల రాయి ఉంది. గోడలకూ అడుగు వరుసలకూ వాడింది ఎర్ర ఇసుకరాయి. స్తంభాలకూ గర్భగుడి ద్వారానికీ చూరు కింద నిలబడ్డ పన్నెండు మదనికలకూ వాడింది నల్లని డోలరైట్. ఈ రెంటి స్వభావం వేరు. ఇసుకరాయి మెత్తగా చెక్కుకు లొంగుతుంది, కానీ సన్నటి అంచును ఎక్కువ కాలం నిలుపుకోదు. డోలరైట్ ఉలికి ఎదురు తిరుగుతుంది; ఒకసారి లొంగితే మాత్రం దారమంత గీతను కూడా ఎనిమిది వందల ఏళ్లు దాచిపెడుతుంది, అద్దంలా మెరుపెక్కుతుంది. ఇసుకరాయిలో శిల్పి అడుగు వరుసలో ఏనుగులను నడిపించాడు: గుండ్రటి వీపులు, ఒకదాని వెనక ఒకటి, నడకే ప్రధానం. డోలరైట్‌కు వచ్చేసరికి మదనికల ఒళ్లు సాగింది, నడుం సన్నబడింది, మెడలోని హారాలు ఒంటిని వదిలి గాలిలో వేలాడినట్టు నిలిచాయి. అయినా రెండుచోట్లా బరువును ఒక పక్కకు ఒరిగించి కదలిక పుట్టించే పద్ధతి ఒకటే. రాయి మారితే నగలు మారాయి, పొడవు మారింది, నునుపు మారింది. ఆ ఒరుగు మారలేదు. రామప్ప శైలి అని మనం గుర్తుపట్టేది ఆ మిగిలినదాన్నే.

ఆ నగల పనిని ఇంకోసారి చూడాలి. మదనికల హారాల్లో, ద్వారపు లతల్లో రాయిని తొలిచి వెనక వెలుతురు కనపడేలా చేసిన పని ఉంది. శిల్పి కళ్లముందు కంసాలి పని లేకుండా అది ఆలోచనకు రాదని నేను అనుకుంటాను. ఆ అనుకోవడానికి సామాజిక ఆధారం కూడా ఉంది. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే ఐదు వృత్తులూ విశ్వకర్మ కులంలో ఒకే గూటివి. ఐదు పనిముట్లు ఒకే చుట్టరికంలో తిరుగుతుంటే, బంగారంలో కన్ను నేర్చిన సంగతి రాయిలోకి వెళ్లడానికి పెద్ద దూరం లేదు. నాట్యం సంగతీ అంతే. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప సేనాని నృత్తరత్నావళిని చూసి రామప్ప నర్తకులను చెక్కారని తరచూ చెబుతారు. తేదీలు ఆ మాటకు ఒప్పుకోవు. గుడి శాసనం 1213 నాటిది, గ్రంథం 1253-54 ప్రాంతానిది. నాట్యం ముందు ఆటగత్తెల ఒంట్లో ఉంది, తర్వాత రాతిలోకి వచ్చింది, నలభై ఏళ్లకు సంస్కృత శ్లోకాల్లోకి వెళ్లింది. పుస్తకం ముందు, పని తర్వాత అనే అలవాటైన వరుసను పక్కన పెడితే, ఒక కదలికే మూడు మాధ్యమాల్లో ప్రయాణించిందని తెలుస్తుంది.

ఓరుగల్లులో రంగుల పనికి ఇంత గట్టి సాక్ష్యం నిలవలేదు; రంగు రాయిలా బతకదు. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రలో నగరంలో 1500 చిత్రకారుల ఇళ్లున్నట్టు ఉంది. సంఖ్యలో కవి ఉదారత ఉండవచ్చు. క్రీడాభిరామంలో మాచల్దేవి చిత్రశాల వర్ణన ఉంది. ఒక వేశ్య తన ఇంట్లో ప్రత్యేకంగా చిత్రశాల కట్టించుకోవడం, దాన్ని చూడడానికి ఊళ్లోకి వచ్చినవాళ్లు వెళ్లడం ఒక నగరపు అలవాటు. 1323లో రాజ్యం పోయింది, ఆ గోడలూ పోయాయి. తెలంగాణలో తేదీ తెలిసిన పాత పటాల్లో మనకు దొరికేది 1625 నాటిది. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథ. దాన్ని హైదరాబాదులో జగదీశ్ మిత్తల్ దంపతులు తమ సేకరణలో కాపాడారు. కాకతీయ చిత్రకారుల వారసులే నకాశీలని నేను అనను. నాకు ముఖ్యమైన విషయం వేరే: రాజు గోడ మీద ఉండే బొమ్మ, ఊరూరా తిరిగే గుడ్డ మీదికి వచ్చేసరికి బొమ్మ పనే మారిపోయింది.

ఆ పని ఎలాంటిదో కాస్త వివరంగా చూడాలి. నకాశీ బొమ్మ వేసేది తనకోసం కాదు, చూసేవాడి కోసం నేరుగానూ కాదు. మధ్యలో కథ చెప్పేవాడున్నాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు నకాశీ ఇంటికి వచ్చి పని చెప్పేవారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూత వరుసగా పట్టించి ఆరబెడతారు. ఉడుత వెంట్రుకల కుంచెతో గీత వేస్తారు. వెనక అంతా ఎరుపు. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు. అది ముందే తేలిన లెక్క. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులు దాటే పొడవు. రాత్రి వెలుగులో, దూరంగా కూర్చున్న జనానికి, కథకుడి కర్ర చూపించిన చోట పాత్ర ఎవరో వెంటనే తెలియాలి. అందుకే గీత మందంగా, కన్ను పెద్దగా, చేతులు మాట్లాడుతున్నట్టుగా ఉంటాయి. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మందహెచ్చులవాళ్లు కథ చెప్పేది పటంతో కాదు, బొమ్మలతో. కర్రతో చేసి, రంపపు పొట్టూ చింతగింజల ముద్దా పట్టించి, రంగు వేసిన ఆ బొమ్మలను పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి నిలబెట్టి కాటమరాజు కథ నడుపుతారు. వాటిని చేసిందీ నకాశీలే. అంటే నకాశీ చెయ్యి మొదటి నుంచీ రెండు మాధ్యమాల్లో ఉంది, ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా. పటంలో పాత్రలు ఒకరి వైపు ఒకరు తిరిగి మాట్లాడుకుంటాయి. బొమ్మ జనం వైపే చూడాలి. పటంలో పక్కకు తిరిగిన ముఖానికి పెద్ద కన్ను పెట్టడం, బొమ్మ ముఖంలో ఎదురుగా చూసే రెండు కళ్లను నిలపడం ఒకే చెయ్యి నేర్చుకోవాల్సిన రెండు విద్యలు. ఈ రెంటి మధ్య రాపిడిలోనే ఆ గీత అంత తేటపడిందని నాకనిపిస్తుంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. ఇది కులవృత్తి, సామూహిక సంప్రదాయం. ఇందులో వ్యక్తి ఎక్కడున్నాడు? సంతకం లేని పటాన్ని తెచ్చి ఇవాళ్టి కళాకారుడి సొంత శైలికి పోలిక పెట్టడం కాలాలను కలగాపులగం చేయడమే కదా? ఈ ప్రశ్నకు పాలంపేట గుడి పేరే కొంత జవాబు చెబుతుంది. లోపలి దేవుడు రుద్రేశ్వరుడు, కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, శాసనంలో ఉన్నదీ ఆయన పేరే. జనం మాత్రం గుడిని రామప్ప అంటారు. అది శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటారు. రామప్ప అనే శిల్పి నిజంగా ఉన్నాడని శాసనం చెప్పదు కాబట్టి దీన్ని జీవితచరిత్రగా నేను వాడుకోను. కానీ ఆ గుడిని చూసిన ప్రజలు, ఇది ఒక మనిషి చేతి పని అనుకున్నారన్నది చరిత్రే. పదుల మంది పనిచేసిన చోట కూడా ఒక చేతిని వాళ్లు పసిగట్టారు, లేదా ఊహించుకున్నారు. రెండైనా నా వాదనకు సరిపోతుంది: సొంత గుర్తు అనే భావన మనకు పారిస్ నుంచో బొంబాయి నుంచో దిగుమతి అయింది కాదు. కథా రంగూ నిర్ణయమైపోయిన పటంలో మిగిలే స్వేచ్ఛ చాలా చిన్నది. గీత వంపు, గడుల మధ్య పూల అంచు, గుంపును అమర్చే తీరు. అంత చిన్న చోటులో తేడా చూపించగలగడం శైలికి కఠినమైన పరీక్ష.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. నకాశీలు మాధ్యమం మార్చింది ఇష్టపడి కాదు, బతకలేక. సినిమా వచ్చి, టీవీ వచ్చి కథకులకు పిలుపులు తగ్గాయి. కథకుడు రాకపోతే పటం అడిగేవాడు లేడు. నలభై అడుగుల పటం ఒక గడికి కుదించుకుపోయి గోడకు తగిలించే చిత్రమైంది. మాస్కులు వచ్చాయి, కొబ్బరి చిప్పల మీద ముఖాలు వచ్చాయి, పెన్నుల డబ్బాలు, తాళంచెవుల గొలుసులు వచ్చాయి. పెంబర్తి కథా ఇలాంటిదే. దేవుడి వాహనాలకూ రథాలకూ తొడుగులు కొట్టిన ఇత్తడి పనివాళ్లు నవాబుల కాలంలో అత్తరుదానులకూ పాన్‌దానులకూ మళ్లారు. తర్వాత సన్మాన సభల జ్ఞాపికలకు వచ్చారు. కొనేవాడి కోసం పరుగెత్తిన ఈ దారిని శైలి అన్వేషణ అనవచ్చా? ప్రతిసారీ అనలేం, ఆ మాట దాచడం నాకిష్టం లేదు. పటంలోని ముఖాన్ని కుదించి తాళంచెవి గొలుసుకు అంటించినప్పుడు చెయ్యి కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. పదార్థం ఎదురు చెప్పలేదు. అదే మాస్కు దగ్గర సంగతి వేరు. పొట్టూ చింతగింజల ముద్దతో ముఖాన్ని ఎత్తుపల్లాలుగా లేపినప్పుడు, గీత చేసే పని కొంత ముక్కూ బుగ్గా తామే చేసేస్తాయి. ఏ గీత ఇంకా అవసరం, ఏది దండగ అని నకాశీ తేల్చుకోవాలి. ధనాలకోట వైకుంఠం వంటి నకాశీల మాస్కుల్లో మీసం, బొట్టు, తలపాగా అంచు పటంలో కంటే తెగువగా కనిపించడానికి కారణం ఆ తేల్చుకోవడమే. పెంబర్తిలోనూ అంతే. గుగ్గిలం మీద రేకును బిగించి వెనక నుంచి ఉబ్బెత్తు కొట్టి, ముందు నుంచి ఉలితో అంచు దిద్దే పనిలో, దేవతా విగ్రహం తొడుగుకు పనికొచ్చిన లోతు అత్తరుదాని మూతకు పనికిరాదు. లోతు తగ్గించుకుని లతను పలచగా పరచడం నేర్చుకున్నారు. అవసరం తోసింది నిజం. తోసిన ప్రతి చోటా కళ పుట్టలేదన్నదీ నిజం. కానీ ఎక్కడ పుట్టిందో చూస్తే, అక్కడ పదార్థం చేతిని అడ్డగించిన గుర్తు ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దంలో సంతకం పెట్టే చిత్రకారులు వచ్చాక ఈ చరిత్ర ఆగలేదు. మానుకోట దగ్గరి పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో పాశ్చాత్య పద్ధతి నేర్చుకున్నారు. ఆ తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చేరారు. 1938 హరిపుర కాంగ్రెస్ సభ కోసం పల్లె వృత్తులవాళ్లను మట్టి రంగులతో వేసిన గురువు ఆయన. చిత్రానికీ చేతిపనికీ మధ్య గోడ కట్టని బడి అది. తైలవర్ణానికీ నీటిరంగుకూ మధ్య తిరిగిన కొండపల్లి బొమ్మల్లో శకుంతల, దమయంతులతో పాటు హైదరాబాదు గుట్టల మీది బండరాళ్లు కూడా ఉన్నాయి. పురాణ స్త్రీలను వేసిన ఆ మెత్తని గీతే బండలను వేసేటప్పుడు బిగిసింది. ఆయన్ను వెతకాల్సింది ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ కథ మరీ స్పష్టమైనది. చిన్నప్పుడు ఊళ్లో తోలుబొమ్మలనూ మట్టి పనినీ చూసి నేర్చుకున్నారు. హైదరాబాదులో చదివి 1963లో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రం, అచ్చుచిత్రం అభ్యసించారు. ఎచింగ్‌లో పలక మీద మైనపు పూతను సూదితో గీస్తే, గీసినచోట ఆమ్లం కొరుకుతుంది. అక్కడ తడబాటుకు క్షమాపణ లేదు. ఆ క్రమశిక్షణలో పదునెక్కిన గీతతో ఆయన మేకలను, తలపాగాల మనుషులను, చెట్లతో కలిసిపోయిన ఒళ్లను వేశారు. తర్వాత అద్దం వెనక వేశారు. అక్కడ అందరూ చివర వేసే సన్న గీతను మొదటే వేయాలి, వెనక రంగు ఆఖరున వస్తుంది. ఆ తర్వాత మట్టిలో, కంచులో ముఖాలు చేశారు. వీటన్నిటినీ ఒక గదిలో పెట్టి పేర్లు తీసేసినా ఒకే మనిషివని ఎవరైనా చెబుతారు. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది.

శాంతినికేతన్, బరోడా పేర్లు వచ్చాయి కాబట్టి, ఇది బెంగాలూ గుజరాతూ నేర్పిన పాఠం, ఓరుగల్లు నేలకు ఇందులో వాటా ఏమిటని అడగవచ్చు. సుబ్రమణ్యన్ స్వయంగా నందలాల్ శిష్యుడు. టెర్రకోట, అద్దం, బొమ్మలు అన్నిట్లో చెయ్యి పెట్టినవాడు. ఆ బడి ఇచ్చింది ధైర్యం. ఏ పనిని చిన్నపని అనుకోనక్కర్లేదన్న అనుమతి. చూపు మాత్రం ఇంటిదే. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టి, 1970 తర్వాత అదే సుబ్రమణ్యన్ దగ్గరికి వెళ్లిన తోట వైకుంఠం బరోడా నుంచి తెచ్చుకున్న బొమ్మలు ఎవరికీ గుర్తు లేవు. ఆయన పేరు నిలబెట్టింది పెద్ద బొట్టు, ముదురు చీర, నిండు ఒంటి తెలంగాణ ఆడవాళ్లు. ఆ రూపానికి ఊరి తల్లి ఒక మూలమైతే, చిన్నప్పుడు చూసిన నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లు ఇంకో మూలం. వేదిక మీది అతిశయం కాన్వాసు మీదికి వచ్చింది. 1988లో బి. నర్సింగరావు తీసిన దాసి సినిమాకు కళాదర్శకత్వం వహించి ఆయన జాతీయ అవార్డు అందుకున్నారు. దొర గడీలో గోడ, చీర, పాత్ర, వెలుగు అన్నీ నిజమైన వస్తువులుగా అమర్చాల్సిన పని అది. బొమ్మలో ఒక్క గీతతో చెప్పేసిన దాన్ని అక్కడ తాకి చూసుకునేలా నిలబెట్టాలి. ఆ రెండు పనులనూ వేర్వేరు మనుషులవిగా లెక్కగట్టే మన విమర్శ అలవాటు మారాలి.

చివరి అభ్యంతరం గురువుల దగ్గర నుంచి వస్తుంది: అన్నిటా చెయ్యి పెట్టినవాడు దేనిలోనూ లోతుకు పోడు. ప్రదర్శనల్లో మిశ్రమ మాధ్యమం అనే చీటీ కింద ఇసుక, తాడు, ఫోటో, రంగు ఒకేచోట అతికించిన పనులు చూస్తే ఆ భయం అర్థమవుతుంది. పైన చెప్పిన చరిత్ర ఆ భయాన్ని కొట్టివేయదు. లక్ష్మాగౌడ్ అద్దం దగ్గరికి వెళ్లింది గీతను ఎచింగ్‌లో కట్టడి చేసుకున్నాక. నకాశీ మాస్కు చేసింది పటం చేతికి వచ్చాక. ఇక్కడే పెద్దల సలహాలోని సగం నిజం ఉంది: ఒకచోట చెయ్యి పూర్తిగా కుదరాలి. మిగతా సగం వాళ్లు చెప్పరు. కుదిరిన చేతికి ఏది తనది, ఏది ఆ పదార్థం అప్పిచ్చిన సొగసు అన్నది అక్కడే కూర్చుంటే తెలియదు. నీటిరంగు తనంతట తాను పాకే తీరు అందంగా ఉంటుంది, వేసినవాడు దాన్ని తన శైలి అనుకుంటాడు. ఇత్తడి రేకు ముందు కూర్చోబెడితే ఆ అందంలో ఎంత నీళ్లది, ఎంత తనది అన్నది బయటపడుతుంది. తెర మీద బొమ్మలు వేసే ఇవాళ్టి పిల్లలకు ఈ పరీక్ష మరీ అవసరం. తప్పు గీతను ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకునే చోట పదార్థం ఎదురు తిరగదు, కుంచె జాడలు కూడా తయారుగా దొరుకుతాయి. అది చెడ్డ మాధ్యమమని నేననను. ఒంటరిగా అది పరీక్ష పెట్టలేదంటాను. లలితకళల చదువులో చిత్రం, శిల్పం, అచ్చుచిత్రం వేర్వేరు తలుపులైపోయాయి. పెంబర్తి కొలిమీ చేర్యాల పటమూ విహారయాత్రలో ఒక పూట చూసి వచ్చే వస్తువులయ్యాయి. భూపాలపల్లి, జనగామల నుంచి చదువుకు వెళ్లే విద్యార్థులకు ఆ రెండు చోట్లా ఒక్కో ఏడాది పని నేర్చుకునే అవకాశం పాఠ్యక్రమంలోనే ఉండాలి. నేర్పే పనివారికి అధ్యాపకుల హోదా, జీతం ఇవ్వాలి. చెల్పూరులో తెర మీద గీసిన బొమ్మను ఆ విద్యార్థే రేకు మీద కొట్టి, పూత పట్టిన గుడ్డ మీద వేసి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోగలిగితే, తన చెయ్యి ఏదో చెప్పడానికి విమర్శకుడి అవసరం పెద్దగా ఉండదు.